గచ్చునేలకు తగిన తివాచీ

నేలపై పఱచుకొను వస్తువును గూర్చి ప్రసంగ మేమిటని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. ఈతచాప, తుంగచాప, జంబుఖానా, గొంగడి ఎఱుగని తెలుగిల్లు గలదా? నేనును ఇట్లే తలచియుంటిని. కాని మన నేలలు మాఱినవి. పేడతో నలికిన మట్టినేలలు పోయి షాబాదు బండలు, తాండూరు బండలు వచ్చినవి. ఇప్పుడు పల్లెలలో సైతము సిమెంటును, కంకరను గలిపి పోసిన గచ్చునేలలు వచ్చినవి. నేల మాఱినప్పుడు దానిపై పఱచునదియు, పఱచు విధమును మాఱవలయును. ఆ సంగతి తెలియక నేను హైదరాబాదులో నొక తివాచీని, కొంత ద్రవ్యమును, ఒక వర్షకాలపు నిద్రను బోగొట్టుకొంటిని. మీ రట్లు పోగొట్టుకొనకుండుటకే ఈ నాలుగు మాటలు.

నా భార్యకు మోకాళ్ల నొప్పులు. మేము గ్రామమును విడిచి అమీరుపేటలో మా కుమారుని యింటికి వచ్చినపుడు మాకు క్రిందియంతస్తులో నొక గది యిచ్చిరి. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు. నున్నగా రుద్దిన సిమెంటు గచ్చు. పుష్యమాసమున హైదరాబాదు రాత్రులలో వేడిమి 14, 15 డిగ్రీలకు దిగుట కలదు. తెల్లవాఱుజామున లేచి కాలు క్రింద మోపినపుడెల్ల ఆమె, "ఈ గచ్చు నా మోకాళ్లను బట్టి గుంజుచున్నదండీ" అనెడిది.

ఆమె మాట శాస్త్రసమ్మతమే. మన పాదము వెచ్చనిది, గచ్చు చల్లనిది. గట్టిగా దట్టముగా నున్న వస్తువు వేడిమిని వేగముగా లాగికొనును. మట్టినేల గుల్లగా నుండును గనుక నంత వేగముగా లాగదు. తివాచీలోని పోగుల నడుమ గాలి చిక్కియుండును. ఆ గాలియే వేడిమి పోకుండ నడ్డుపడును. మఱియు గచ్చు కాలిక్రింద రవ్వంతయు నణగదు. తివాచీ కొంచె మణగి కీళ్లకు సుఖమిచ్చును. కావున తివాచీ వేయవలెనన్న నా సంకల్పము మంచిదే. చేసిన విధము మంచిది కాదు.

ఇంటికి దగ్గఱనే కదా యని పంజాగుట్టలో నొక అంగడికి బోయితిని. "మా గోడలు లేతపచ్చ, ఏ రంగు నప్పును?" అని యడిగితిని. అంగడివారు రంగులు చూపిరి. గోడనుండి గోడవఱకు పఱచునట్టి కుచ్చుల తివాచీ నొకదాని నెన్నుకొంటిని. దాని యడుగున రబ్బరుపూత. పనివారు వచ్చి జిగురు పూసి 120 చదరపుటడుగుల నేలను మూలమూలకు గప్పి పోయిరి. అది ఫాల్గుణము. ఎండలు ముదిరి నేల యెండియుండినది. గది రాజగృహమువలె నుండెను. మా మనుమడు దానిపై దొర్లి యాడుకొనెడివాడు. నా భార్య మోకాళ్లకును సుఖముగా నుండెను.

శ్రావణము వచ్చినది. నాలుగు దినములు ముసురు పట్టినది. అయిదవ దినమున మనుమడు, "తాతా, మీ గదిలో తడిబట్టల వాసన" అనెను. అగరువత్తులు వెలిగించితిమి. పదిదినములకు వానికి రాత్రివేళ దగ్గు పట్టుకొన్నది. మాయొద్ద నిద్రించిన రాత్రులలో దగ్గు హెచ్చుగను, తల్లియొద్ద నిద్రించిన రాత్రులలో తక్కువగను నుండెను. వైద్యుడు గుండెను రొమ్మును బరీక్షించి, మందు వ్రాయుచు, "మీ గదిలో నేలపై నేమున్న"దని యడిగెను. ఇంటికి వచ్చి గోడమూలను తివాచీ యంచును గత్తితో లేపి చూచితిని. క్రింద నల్లని బూజు. జిగురు కరగి జిడ్డైనది. గచ్చు చెమటపట్టిన వీపువలె నున్నది. ఆ రాత్రియే కుమారుడును నేనును దానిని జీల్చి వెలుపల వేసితిమి. జిగురు మఱకలు మాత్ర మిప్పటికిని గచ్చుపై నున్నవి. నా తెలివికి శాసనములవలె.

పిల్లవానికి పదిదినములలో దగ్గు తగ్గినది. తప్పు అంగడివారిది కాదు. నేను రంగు నడిగితిని. వారు రంగు చూపిరి. నేలను గూర్చి నేను చెప్పలేదు, వా రడుగలేదు. ఆనాటినుండి యీ విషయమును దెలిసినవారి నడిగియు, చదివియు దెలిసికొన్నది మీకు మనవి చేయుచున్నాను.

మొదట గచ్చు స్వభావ మెఱుగవలయును. చూచుటకు ఱాయివలె నుండును గాని యది లోపల సన్నని రంధ్రములతో గూడినది. సిమెంటు గట్టిపడుటకు గావలసిన నీటికన్న, కలిపి పోయుటకు వీలగుటకై హెచ్చునీరు పోయుదురు. ఆ మిగులునీరు మెల్లమెల్లగా నావిరియై పోవుచు దన త్రోవలను రంధ్రములుగా విడిచిపోవును. పోసిన తరువాత కనీసము ఏడుదినములు తడుపవలెనని మేస్త్రీలు చెప్పుదురు, అది గట్టిపడుటకు. ఎండుట వేఱు. అంగుళము మందమున కొక నెల చొప్పున నెండునని స్థూలముగా లెక్క. నాలుగంగుళముల గచ్చునకు నాలుగు నెలలు. వానకాల మడ్డుపడినచో నింకను హెచ్చు. గృహప్రవేశమునాడే క్రొత్తగచ్చుపై తివాచీ యంటించువారు ఈ లెక్క నెఱుగరు.

ఇంతటితో దీఱలేదు. ప్రమిదలో నూనెను వత్తి పైకి బీల్చునట్లు, నేలలోని చెమ్మను గచ్చు తన సన్నని రంధ్రములద్వారా పైకి బీల్చును. పైన నేమియు గప్పనియెడల అది యావిరియై గాలిలో గలసిపోవును. మనకు దెలియనైన దెలియదు. రబ్బరు కప్పితిమా, వేడియన్నముపై మూత పెట్టినట్లే. ఆవిరి మూతక్రింద నీరగును. పైగా సిమెంటునందు సున్నమువంటి క్షారగుణము గలదు. చెమ్మతో గూడి వచ్చిన యా క్షారము జిగురును జెఱచును. చెమ్మ, చీకటి, దుమ్ము మూడును గలసినచోట బూజు పుట్టును. కంటికి గనబడని మైటు అను పురుగులును చెమ్మగాలిలోనే వృద్ధినొందును. ఈ రెండును ఉబ్బసము గలవారికి, చిన్నపిల్లలకు హాని చేయును.

అమీరుపేట యిండ్లకు మఱియొక చిక్కు. బాట నెన్నిసార్లు క్రొత్తగా వేసిన నన్నిసార్లు అంత యెత్తు పెరుగును. పాతయిండ్ల గడపలు మాత్ర మెక్కడివక్కడనే యుండును. మా గడప యిప్పుడు బాటకు జేనెడు క్రిందనున్నది. వాననీ రెటు పోవును? 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన బేగంపేటలో నొక్కదినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన గురిసినది. 2020 అక్టోబరులో మఱల నగరము జలమయమైనది. అట్టి దినమున చుట్టి పైకెత్తదగిన తివాచీ మిగులును, అంటించినది నీటిపాలగును. మీ గ్రామములలోను చెఱువుక్రింది యిండ్లకు, వరిపొలముల యంచున గట్టిన యిండ్లకు నిదే గతి.

కావున తివాచీ కొనుటకు మునుపు నేలను బరీక్షింపవలయును. దీనికి వ్యయము లేదు. ఒక పలుచని ప్లాస్టిక్ పట్టాను మూరెడు పొడవు, మూరెడు వెడల్పున, అనగా 18 అంగుళముల చదరముగా గత్తిరింపుడు. గచ్చును దుడిచి యారనిచ్చి, పట్టాను బఱచి, నాలుగంచులను గాలి చొరకుండ నంటు టేపుతో నతికింపుడు. ఎండ తగులనిచోట నుండవలెను. కనీసము 16 గంటలు, అనగా నొక సాయంకాలమునుండి మఱునాటి మధ్యాహ్నమువఱకు, కదపకుడు. పిమ్మట లేపి చూడుడు. పట్టాక్రింద నీటిబొట్లున్నను, గచ్చు నల్లబడియున్నను చెమ్మ నేలనుండి వచ్చుచున్నదని యర్థము. క్రింద పొడిగా నుండి పట్టాపైన చెమ్మయున్నచో నది గాలిలోనిది. చల్లని గచ్చుపై వానకాలపు గాలి మంచువలె దిగినది. గది నడుమ నొకచోట, గోడప్రక్క నొకచోట, స్నానపుగది వైపున నొకచోట జూడవలయును. వేసవిలో జేసిన పరీక్షను నమ్మరాదు. నే నెండిన నేలను జూచియే మోసపోయితిని. శ్రావణభాద్రపదములలో జేసిన పరీక్షయే పరీక్ష. గోడ యడుగున తెల్లని ఉప్పు పువ్వువలె బూచినను చెమ్మ యున్నట్లే.

ఇక దేనిని బఱుపవలెను? అమరకోశమునందు ఆస్తరణము, పరిస్తోమము, కుథము అని దీనికి బేర్లు గలవు. పేరెట్లున్నను పోగును జూడవలయును.

ఉన్ని తివాచీ వెచ్చనిది, మెత్తనిది, చాలకాలము మన్నును. అది తన తూకములో మూడవవంతునకు దగ్గఱగా చెమ్మను బీల్చియు తడిగా దోపదు. ఇది గుణమును, దోషమును గూడ. చేతికి బొడిగా దోచుచునే లోపల చెడుచుండవచ్చును. చిమ్మటలు దానిని దినును. పొడిగానుండు పైయంతస్తునకు మంచిది. మన కురుమలు దక్కను గొఱ్ఱెల యున్నితో నేయు గొంగడియు నీ జాతిదే. చలికాలమున కాళ్లక్రింద దానిని మించినది లేదు. కాని చెమ్మనేలపై నెలలకొలది పడియుండరాదు.

జనుము అడుగుగా గల తివాచీ చెమ్మగచ్చునకు బనికిరాదు. కుళ్లును, చెదలును బిలుచును. గచ్చు నెఱియలనుండి చెదలు పైకి వచ్చుట పల్లెవారికి నేను జెప్పనేల? పాలిప్రొపిలీను, నైలాను అనునవి యంత్రములలో జేసిన నూలు. పాలిప్రొపిలీను నీటిని బీల్చదు, కుళ్లదు, చవుక. కాని నూనెమఱకను విడువదు, నిప్పురవ్వకు గరగును. పోగు కుళ్లకున్నను దాని క్రింది చెమ్మ యెక్కడికిని బోదు. అడుగున రబ్బరుపూత యున్నచో నాకు జరిగినదే జరుగును. కొబ్బరినార పట్ట చెమ్మ కోర్చును, కాలికి గరుకు. అది గడపయొద్ద దుమ్ము దులుపుకొనుటకు దగినది.

నూలు జంబుఖానా చెమ్మను బీల్చును, కాని త్వరగా నారును. ఎత్తుటకు దేలిక. రెండువైపుల నొకేవిధముగా నుండును గనుక ద్రిప్పి పఱచినచో రెట్టింపుకాలము మన్నును. ఉతుకవచ్చును. అంతస్తేదైనను, గచ్చునేల గల సామాన్యగృహస్థునకు నా మతమున నిదియే తగినది.

ఈ జంబుఖానాకై మనము దూరదేశములకు బోనక్కఱలేదు. ఏలూరిలో ఉన్నితివాచీల నేత తరతరములుగా సాగినది. పారసీకదేశమునుండి వచ్చిన నేతగాండ్రు దానిని నెలకొల్పిరని చెప్పుదురు. ఆ పరిశ్రమ నేడు మిక్కిలి క్షీణించినది. ఓరుగల్లు తివాచీలు 1851లో లండనునగరమున జరిగిన మహాప్రదర్శనమున నుంచబడినవి. ఆ యోరుగల్లుననే కొత్తవాడలో నేటికిని నూలు జంబుఖానాలు నేయువారున్నారు. 2018లో వరంగల్లు జంబుఖానాలకు భౌగోళికగుర్తింపు లభించినది. అనగా నా పేరుతో వేఱొకచోట నేసి యమ్ముట చెల్లదు.

తివాచీ పాడైన మఱుసటి మాసమున నేను కొత్తవాడకు బోయితిని. మగ్గముమీద నున్న వృద్ధుడు తల యెత్తకయే, "పంతులుగారూ, ముందు నేల చెప్పండి, రంగు తరువాత చూతము" అనెను. పంజాగుట్టలో నేను చెప్పవలసియుండినది ఆయన నోట వింటిని. క్రిందియంతస్తు, చెమ్మనేల యని చెప్పగా, "అట్లయిన గదినిండ వేయకండి. మీ యింటి యాడమనిషి యొక్కచేతితో చుట్టి యెత్తగలిగినంతే కొనండి" అనెను. తన సరుకును తక్కువ కొనుమని చెప్పిన వ్యాపారిని నే నంతకుముందు చూడలేదు. తొమ్మిదడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు గల జంబుఖానా నొకదానిని దెచ్చితిని. 120 చదరపుటడుగుల గదిలో నది 54 అడుగులు కప్పును; మిగిలిన గచ్చు చుట్టును ఊపిరి దీసికొనుచున్నది. మంచముప్రక్క నామె కాలు మోపుచోటు, మనుమడు కూర్చుండి చదువుకొనుచోటు దానిక్రిందికే వచ్చినవి. అంతకన్న నేమి కావలయును?

కొనునపుడు కొన్ని పరీక్షలు చేయవచ్చును. అంచునుండి యొక పోగు దీసి యినుపపళ్లెముపై గాల్చుడు. వెండ్రుక గాలిన వాసన వచ్చినచో ఉన్ని. కాగితము గాలినట్లు గాలి బూడిదయైనచో నూలు. కరగి ముత్యమువలె గట్టిపడినచో ప్లాస్టిక్. తడిపిన తెల్లగుడ్డతో రుద్దుడు. గుడ్డకు రంగంటినచో మీ గచ్చునకును నంటును. సమమైన నేలపై బఱచి చూడుడు. మూలలు ముడుచుకొని లేచునది యెన్నటికిని సరికాదు. కుచ్చుల తివాచీ యైనచో వంచి చూడుడు. కుచ్చుల నడుమ అడుగుగుడ్డ యెంత హెచ్చుగా గనబడిన నది యంత పలుచన.

వృద్ధులున్న యిండ్లలో మఱియొక జాగ్రత్త ముఖ్యము. నున్నని గచ్చుపై జంబుఖానా జారును. లేచిన యంచు కాలికి దగులును. వార్ధక్యమున నొక్క పాటు చాలును, తుంటి యెముక విఱిగి మంచమున బడుటకు. కావున దానిక్రింద రబ్బరు వల వేయవలయును. వల యనగా రంధ్రములున్నది. గాలి యాడును, జారనీయదు. రంధ్రములులేని రబ్బరుగాని, స్పంజిగాని చెమ్మనేలపై వేయరాదు. వాకిట నడచుదారిలో, స్నానపుగది గుమ్మమున పఱుపరాదు. మా పంజాగుట్టలో ఎముకల వైద్యమునకు బేరుగాంచిన నిజాము వైద్యవిజ్ఞానసంస్థ గలదు. దాని సాయము గోరుటకన్న అంచు సరిచేసికొనుట సులభము.

పోషణమును గూర్చి రెండు మాటలు. గచ్చు తడిగుడ్డతో దుడిచిన పిమ్మట పూర్తిగా నాఱువఱకు పఱుపవలదు. వారమున కొకసారి చుట్టి యెత్తి క్రిందిగచ్చునకు గాలి తగులనిండు. ముసురుదినములలో రాత్రివేళ మడతమంచముపై వేయుడు. పక్షమున కొకసారి వెనుకవైపు త్రిప్పి, కఱ్ఱతో దులిపి, ఉదయపుటెండలో రెండుగంటలు ఆఱవేయుడు. నడిమధ్యాహ్నపుటెండ రంగును దినును. దాచునపుడు మడవక చుట్టి, ఎండిన వేపాకులు నడుమ వేసి, గచ్చుపై గాక పలకపై నుంచుడు.

ఇప్పుడే యిల్లు గట్టించుచున్నవారికి నొక మనవి. పిల్లలు పట్టణములనుండి ధనము పంపగా మీరు పల్లెలలో దగ్గఱనుండి కట్టించుచున్నారు. గచ్చు పోయుటకు మునుపు, ఱాళ్లు గూర్చి ఇసుక చల్లిన తరువాత, 250 మైక్రానుల మందము గల ప్లాస్టిక్ పట్టాను అతుకుల నొకదానిపై నొకటి జేనెడు వచ్చునట్లు పఱపించుడు. దానిపై గచ్చు పోయుడు. నేలచెమ్మ పైకి రాదు. ఇంటి మొత్తపు వ్యయములో నది యెంత! గచ్చు పోసిన పిమ్మట నెంత ధనము పోసినను దానిని క్రిందికి జొప్పింపజాలము. మేస్త్రీ మఱచినను మీరు మఱవకుడు. గడపను బాటకన్న మూరెడైన నెత్తుగా నుంచుడు; బాటలు పెరుగును గాని గడపలు పెరుగవు.

మా గదిలో నిప్పుడు ముసురు పట్టినను వాసన లేదు. సాయంకాలము నా భార్య జంబుఖానాను చుట్టి గోడకు జేరవేయును. ఉదయమున మనుమడు దానిని దొర్లించి పఱచును. మోకాళ్ల నొప్పి వయసుతో వచ్చినది, అది పోదు. కాని "గచ్చు గుంజుచున్న"దన్న మాట యామె నోట మఱల వినలేదు. పిల్లవాడు మాయొద్దనే నిద్రించుచున్నాడు. మీరు తివాచీ కొనబోవునపుడు రంగు నడుగకుడని నే ననను. ముందు నేల నడుగుడు. అది పదునాఱు గంటలలో బదులు చెప్పును.